కాలేజీలో సొంత పత్రిక: తొలి సంచిక నుంచి తర్వాతి బ్యాచ్‌కు అప్పగించే దాకా

విద్యార్థులు పత్రిక పెడదామని కూర్చోగానే చర్చ ముందుగా పేరు మీదికి, ఆ వెంటనే లోగో మీదికి పోతుంది. ఆ చర్చలో ఉత్సాహం ఉంటుంది కాబట్టి వారాలు తెలియకుండా గడిచిపోతాయి. పేరు సంగతి పక్కన పెట్టండి. ఆ సమయాన్ని మనుషులతో మాట్లాడడానికి వాడుకోండి. ఎవరి కోసం పత్రిక నడపబోతున్నారో తెలిశాక పేరు తేలిగ్గానే దొరుకుతుంది.

పత్రిక అంటే ఇక్కడ అచ్చు కాగితమే కానక్కర్లేదు. వెబ్‌సైటు, ఈమెయిల్‌లో వెళ్లే వార్తాలేఖ, పాడ్‌కాస్ట్, నోటీసు బోర్డు మీద అంటించే గోడపత్రిక, ఏదైనా కావచ్చు. రూపం ఏదైనా, ఏ వార్త వేయాలో ఏది ఆపాలో యాజమాన్యం గాని, విద్యార్థి సంఘం గాని, ప్రకటన ఇచ్చినవారు గాని శాసించలేని ఏర్పాటు ఉంటేనే అది స్వతంత్ర పత్రిక. "మేం స్వతంత్రులం" అని మొదటి పేజీలో రాసుకున్నంత మాత్రాన ఆ ఏర్పాటు రాదు. డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, వెబ్‌సైటు పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంది, వార్త వేయాలా వద్దా అన్నప్పుడు చివరి మాట ఎవరిది అనే విషయాల్లో అది తేలిపోతుంది. "ప్రజల పత్రిక" అని చెప్పుకోవడానికీ ఒక పరీక్ష ఉంది: వార్త వచ్చాక, ఆ వార్తలోని మనుషుల దగ్గరికి మీరు మళ్లీ వెళ్లారా?

రాయడానికి ముందు వినండి

మీ జట్టులో ఒక్కొక్కరు పదిమందితో మాట్లాడాలని పెట్టుకోండి. ఆ పదిమందీ మీ స్నేహితులే అయితే లాభం లేదు. హాస్టల్లో ఉండేవారు, రోజూ ఇంటి నుంచి వచ్చేవారు, పరిశోధక విద్యార్థులు, ల్యాబ్ సహాయకులు, పారిశుద్ధ్య కార్మికులు, రాత్రి కాపలా సిబ్బంది, క్యాంపస్ గోడకు అవతల కాపురం ఉంటున్నవారు, అందరూ రావాలి. గోడ అవతలివారిని మరిచిపోవడం విద్యార్థి పత్రికల్లో మామూలే. కాలేజీ కొత్త భవనం కడితే దుమ్ము పీల్చేది వాళ్లు, కాలేజీ వల్ల చుట్టుపక్కల అద్దెలు పెరిగితే ఇల్లు మారాల్సి వచ్చేదీ వాళ్లే.

"మీకు ఎలాంటి వార్తలు కావాలి?" అని అడగకండి. మర్యాద కోసం ఏదో ఒకటి చెబుతారు. ఇలా అడిగి చూడండి:

- ఈ మధ్య మీకు ముందే తెలిసి ఉంటే బాగుండేదనిపించిన విషయం ఏమిటి?
- ఏ విషయం గురించి వదంతులే విన్నారు తప్ప, నిజం ఎవరూ చెప్పలేదు?
- మీ గురించి బయటివాళ్లు రాసినప్పుడు ఎక్కువగా ఏం తప్పు రాస్తారు?
- కబుర్లు మీకు దేని ద్వారా తెలుస్తాయి? ఫోన్‌లోనా, కాగితం మీదా, నోటి మాటగానా?

మూడో ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. జవాబు ఆలస్యంగా వస్తుంది, కాని నోట్‌బుక్‌లో గీత గీసి పెట్టుకోవలసిన మాటలు అక్కడే దొరుకుతాయి. నాలుగో ప్రశ్న మీ పత్రిక రూపాన్ని నిర్ణయిస్తుంది. జహీరాబాద్ ప్రాంతంలోని దళిత మహిళలు 2008లో సంఘం రేడియోను ప్రారంభించినప్పుడు రేడియోనే ఎంచుకోవడంలో గొప్ప విజ్ఞత ఉంది. చదవడం రానివారు కూడా అందులో వినగలరు, మాట్లాడగలరు. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో గ్రామీణ మహిళలే విలేకరులుగా 2002లో మొదలైన ఖబర్ లహరియా అచ్చుపత్రికగా పుట్టి, తర్వాత డిజిటల్ వీడియోల వైపు మళ్లింది. పాఠకులు ఎటు ఉన్నారో పత్రిక అటు నడవాలి. మీకు పాడ్‌కాస్ట్ ఇష్టమని పాడ్‌కాస్ట్ మొదలుపెడితే వినేది మీ జట్టే.

జట్టు, కాలపట్టిక

నలుగురైదుగురు చాలు. రాసేవారు, దిద్దేవారు, వాస్తవాలు సరిచూసేవారు, లెక్కలు చూసేవారు, పాఠకులకు చేర్చేవారు. ఒకే మనిషి రెండు పనులు చేయవచ్చు గాని, రాసినవారే దాన్ని ఆమోదించకూడదు. ఎంత చిన్న జట్టయినా ఈ ఒక్క నియమాన్ని సడలించవద్దు.

జట్టులో అందరూ ఒకే విభాగం, ఒకే హాస్టల్, ఒకే భాష వాళ్లయితే వార్తలు కూడా అక్కడి నుంచే వస్తాయి. మొదటి నెలలోనే వేరే చోట్ల నుంచి ఇద్దరు ముగ్గురిని చేర్చుకోండి. వాళ్లకు చిన్న పనులు అంటగట్టకుండా, వార్తల ఎంపికలో మాట ఇవ్వండి.

ఇక ఎన్ని రోజులకోసారి వేయాలి? వారానికోసారి అని గట్టిగా మొదలుపెట్టి పరీక్షల సమయానికి మూతపడిన పత్రికలకు లెక్కలేదు. ముందుగా కాలేజీ క్యాలెండర్ తెరవండి. పరీక్షలు, సెలవులు, ప్రవేశాల తేదీలు గుర్తుపెట్టండి. అన్నింటికన్నా కష్టమైన నెలలో కూడా ఎంత చేయగలరో చూసుకుని, అంతే మాట ఇవ్వండి. నెలకు ఒక్క సంచికే అయినా చెప్పిన రోజున వస్తే పాఠకుడు దాని కోసం చూడడం నేర్చుకుంటాడు. పరీక్షల నెలలో సంచిక ఉండదని ముందే ప్రకటించడంలో తప్పేమీ లేదు.

గొడవ రాకముందే నియమాలు రాసుకోండి

ఒక కాగితం చాలు, కాని మొదటి వార్తకన్నా ముందు అది తయారుకావాలి. గొడవ మొదలయ్యాక రాసే ప్రతి నియమం ఎవరో ఒకరి మీద రాసినట్టే కనిపిస్తుంది.

ఆ కాగితంలో సంపాదకుణ్ణి లేదా సంపాదకురాలిని ఎలా ఎన్నుకుంటారో, ఎలా తప్పిస్తారో ఉండాలి. జట్టు రెండుగా చీలితే నిర్ణయం ఎవరిదో ఉండాలి. విద్యార్థి సంఘం ఎన్నికల్లో పోటీ చేస్తున్నవారు, దగ్గరి స్నేహితులు పోటీ చేస్తున్నవారు ఆ ఎన్నికల వార్తలను ముట్టుకోకూడదని ఉండాలి. పేరు చెప్పకుండా మాట్లాడే అవకాశం ఎవరికి, ఎలాంటి పరిస్థితిలో ఇస్తారో, ఆ పేరు జట్టులో ఎంతమందికి తెలియాలో ఉండాలి. కృత్రిమ మేధ సాధనాలను దేనికి వాడవచ్చో, దేనికి వాడకూడదో కూడా ఇప్పుడు రాసుకోవాల్సిందే. రికార్డింగును అక్షరాల్లోకి మార్చడానికి వాడి, ఆ తర్వాత చెవితో విని సరిచూసుకోవడం ఒక పద్ధతి. వార్తనే దానితో రాయించడం వేరు. నా వరకు, ఎవరూ వెళ్లని చోటు గురించి రాసిన వాక్యం వార్త కాదు.

ఫోటోల నియమం విడిగా చర్చించండి. 2019లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఒక నిరసన జరిగింది. విద్యార్థి పత్రిక డైలీ నార్త్‌వెస్టర్న్ ఆ నిరసనకారుల ఫోటోలు వేసింది, కొందరికి ఫోన్ నంబర్లు వెతికి సందేశాలు పంపింది. నొచ్చుకున్నామని విద్యార్థులు చెప్పడంతో క్షమాపణ ప్రకటించింది. ఆ క్షమాపణను దేశవ్యాప్తంగా సీనియర్ పాత్రికేయులు తప్పుపట్టారు, బహిరంగ నిరసనను ఫోటో తీయడం విలేకరి పనే కదా అన్నారు. నేను ఆ సీనియర్ల పక్షమే, అయితే ఒక షరతుతో. బహిరంగంగా జరిగినదాన్ని నమోదు చేయడం మన హక్కు. ఏ ముఖాన్ని దగ్గరగా చూపాలి, ఏ పేరు కింద రాయాలి అనేది మన వివేకం. మీ జట్టు మరో నిర్ణయానికి రావచ్చు. సంచిక బయటికి వెళ్లే రాత్రి కాకుండా ముందుగా కూర్చుని రావాలి, అంతే.

కాలేజీతో బంధం, చట్టంతో బంధం

కాలేజీ గొడుగు కింద ఉంటే గది దొరుకుతుంది, కొంత డబ్బు దొరుకుతుంది, దానితోపాటు "వేసే ముందు ఒకసారి చూపించండి" అన్న మాట కూడా వస్తుంది. విడిగా ఉంటే ఆ మాట ఉండదు, బాధ్యత మొత్తం మీ తలమీదికి వస్తుంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డైలీ కాలిఫోర్నియన్ ఒక సంపాదకీయంపై వివాదం తర్వాత 1971లో విశ్వవిద్యాలయం నుంచి విడిపోయింది. స్టాన్‌ఫర్డ్ డైలీ 1973లో ఆ దారి పట్టింది. అర్ధశతాబ్దం తర్వాత, 2022లో, ఆ స్టాన్‌ఫర్డ్ డైలీలోనే థియో బేకర్ అనే మొదటి సంవత్సరం విద్యార్థి తమ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు మార్క్ టెస్సియర్-లవీన్ పాత పరిశోధన పత్రాల్లోని చిత్రాలపై ప్రశ్నలు లేవనెత్తాడు. విశ్వవిద్యాలయం దర్యాప్తు జరిపించింది. అధ్యక్షుడు స్వయంగా మోసం చేశారని దర్యాప్తు చెప్పలేదు గాని, పత్రాల్లోని తప్పులను సరిదిద్దడంలో విఫలమయ్యారని చెప్పింది. 2023 జులైలో ఆయన పదవి నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. విశ్వవిద్యాలయమే నడిపే పత్రిక అయితే ఆ వార్త ఏ బల్ల మీద ఆగిపోయేదో ఊహించుకోండి.

మీరు ఏ దారి ఎంచుకున్నా ఈ పనులు తప్పవు. మొదట కాలేజీ నియమావళి తెప్పించుకుని ప్రచురణలు, ప్రదర్శనలు, క్రమశిక్షణ గురించిన భాగాలు పూర్తిగా చదవండి. అచ్చుపత్రిక అయితే అనేక దేశాల్లో రిజిస్ట్రేషన్ అవసరం, ఆన్‌లైన్ వార్తలకు కూడా కొన్నిచోట్ల నియమాలున్నాయి. మీ దగ్గర లా కాలేజీ ఉంటే అక్కడి అధ్యాపకులను, ఉచిత న్యాయ సహాయ కేంద్రాన్ని కలవండి. పరువునష్టం, కాపీరైటు, కోర్టు ధిక్కారం, మైనర్ల గుర్తింపు అనే నాలుగు విషయాలు అడిగి తెలుసుకోండి. ఒక గంట కూర్చుంటే చాలు, తర్వాత అనేక రాత్రులు నిశ్చింతగా నిద్రపోవచ్చు.

డొమైన్ పేరు (అంటే వెబ్‌సైటు చిరునామా), ఈమెయిలు, సోషల్ మీడియా ఖాతాలు కాలేజీ ఇచ్చిన ఈమెయిలు చిరునామాతో తెరవకండి. చదువు ముగిసిన రోజున ఆ చిరునామా పోతుంది, దానితో ఖాతాలూ పోతాయి. పత్రిక పేరు మీద విడిగా ఒక చిరునామా పెట్టి, పాస్‌వర్డులు ఇద్దరి దగ్గర ఉంచి, రెండంచెల భద్రత (పాస్‌వర్డుతో పాటు మరో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టండి.

డబ్బు

ఖర్చులు రాయండి: డొమైన్, హోస్టింగ్ (వెబ్‌సైటును ఉంచే సర్వర్ అద్దె), అచ్చు, ప్రయాణాలు, ఒక మైకు. చాలా పత్రికలకు మొదటి ఏడాది ఇంతకు మించి అవసరం లేదు. వర్డ్‌ప్రెస్‌తో వెబ్‌సైటు, ఆడాసిటీతో ఆడియో ఎడిటింగు, స్క్రైబస్‌తో పేజీల కూర్పు చేసుకోవచ్చు, ఈ సాఫ్ట్‌వేర్లు ఉచితం. కెమెరా కొనకండి, ఫోన్ చాలు.

డబ్బు పాఠకుల చందాల నుంచి, పూర్వ విద్యార్థుల విరాళాల నుంచి, చిన్న ప్రకటనల నుంచి, శిక్షణ కార్యక్రమాల నుంచి రావచ్చు. ఏ ఒక్కరి వాటా సగానికి మించకుండా చూసుకోండి. సగం డబ్బు ఒకే చేతి నుంచి వస్తుంటే ఆ చెయ్యి ఏమీ అడగకపోయినా, అది ఎక్కడ నొచ్చుకుంటుందోనని మీరే ఒక శీర్షికను మెత్తబరుస్తారు. స్వతంత్రం పోవడం చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది, ఎవరూ బెదిరించకుండానే.

ఏటా రెండుసార్లు జమాఖర్చులు పత్రికలోనే ప్రచురించండి. పెద్ద విరాళం ఇచ్చినవారి పేరు వేయండి. పేరు వద్దంటే, ఆ విరాళం కూడా వద్దనండి. ప్రకటనను ప్రకటన అని పైన రాసి వేయండి. డబ్బు తీసుకుని వార్త రూపంలో వేయడం ఒక్కసారి జరిగినా ఆ పత్రిక పని అయిపోయినట్టే.

మొదటి వార్త ఎలా పుడుతుంది

ఉదాహరణకు ఒక విద్యార్థిని వచ్చి "నెల రోజులుగా లైబ్రరీ 6 గంటలకే మూసేస్తున్నారు, ఇంతకుముందు 9 దాకా ఉండేది" అని చెప్పిందనుకోండి. ఇది వార్త కాదు, వార్తకు ఆచూకీ.

మొదట వెళ్లి చూడండి. ఒక్కరోజు కాదు, వారంలో వేర్వేరు రోజుల్లో మూడుసార్లు. ఎప్పుడు మూశారో నోట్‌బుక్‌లో సమయంతో రాయండి. తలుపు మీది నోటీసును తేదీ, సంతకం కనిపించేలా ఫోటో తీయండి. కాలేజీ వెబ్‌సైటులో పాత వేళలు ఇంకా ఉంటే ఆ పేజీని, వెబ్‌పేజీల పాత ప్రతులను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ అనే సైటులో భద్రపరచండి. రేపు అది మారిపోవచ్చు. తర్వాత సాయంత్రం అక్కడ చదువుకునే విద్యార్థులతో మాట్లాడండి. హాస్టల్ గదిలో చదువుకునే చోటు లేనివారు, పగలు పనిచేసి సాయంత్రం చదువుకునేవారు ఎవరో కనుక్కోండి. ఆపైన లైబ్రరీ సిబ్బందితో. వాళ్లు పేరు చెప్పడానికి జంకితే మొదటే వివరాలు లాగకండి, మీ నియమం ఏమిటో చెప్పి ఆలోచించుకోనివ్వండి.

ఇప్పుడు కాగితాలు. సమాచార హక్కు చట్టాలకు మూలమని చెప్పుకునే స్వీడన్ చట్టం 1766 నాటిది. అమెరికాలో 1966లో, భారతదేశంలో 2005లో ఇలాంటి చట్టాలు వచ్చాయి. మీ కాలేజీ ఆ చట్టం పరిధిలోకి వస్తుందో లేదో చూసుకుని దరఖాస్తు పెట్టండి. "లైబ్రరీ గురించిన సమాచారం అంతా" అని అడిగితే తిరస్కరించడం సులువు. "ఫలానా రెండు సంవత్సరాల్లో సాయంత్రం షిఫ్టు సిబ్బంది సంఖ్య, వేళల మార్పుపై జారీ అయిన ఉత్తర్వుల ప్రతులు" అని అడిగితే తప్పించుకోవడం కష్టం. జవాబుకు వారాలు పడుతుంది కాబట్టి వార్త కోసం కాచుకుని కూర్చోకుండా మొదటి రోజే పెట్టేయాలి.

చివరిగా బాధ్యుల వివరణ. ఫోన్‌లో హడావుడిగా అడిగి "స్పందించలేదు" అని రాయడం అన్యాయం. రాతలో, ఇలా పంపండి:

"లైబ్రరీని సాయంత్రం 6 గంటలకు మూసేస్తున్న విషయంపై మేం వార్త రాస్తున్నాం. వేళలు మార్చాలన్న నిర్ణయం ఎవరు, ఏ తేదీన తీసుకున్నారు? కారణం ఏమిటి? సాయంత్రం షిఫ్టులో ఇప్పుడు ఎంతమంది సిబ్బంది ఉన్నారు, గత ఏడాది ఎంతమంది ఉండేవారు? వేళలు మళ్లీ పెంచే ఆలోచన ఉందా? గురువారం సాయంత్రం 5 గంటల లోపు మీ సమాధానం అందితే వార్తలో చేరుస్తాం. ఆ తర్వాత అందినా వెబ్‌సైటులోని వార్తకు జతచేస్తాం."

ఈ ఉత్తరంలో నిందలు లేవు, విశేషణాలు లేవు, గడువు ఉంది, ఆలస్యమైతే ఏం చేస్తారో ఉంది. రేపు ఎవరైనా "మమ్మల్ని అడగనే లేదు" అంటే చూపించడానికి ప్రతి ఉంది. వార్తలో వారి మాటలను కుదించవలసి వస్తే అర్థం మారకుండా కుదించండి. వారి కారణం సబబుగా ఉంటే దాన్ని చివరి పేరాలో దాచకుండా పైకి తీసుకురండి. సిబ్బంది ఉద్యోగాలు భర్తీ కాకపోవడమే అసలు కారణమని తేలితే మీ వార్త దిశే మారుతుంది, మారనివ్వండి.

వార్త రాశాక సరిచూసే మనిషి ప్రింటు తీసి ప్రతి పేరు, ప్రతి అంకె, ప్రతి తేదీ కింద గీత గీయాలి. ఒక్కోదానికి "ఇది ఎలా తెలుసు?" అని రాసినవారిని అడగాలి. నోట్‌బుక్ పేజీ, ఫోటో, రికార్డింగు, ఉత్తర్వు, ఏదో ఒకటి చూపించాలి. చూపించలేనిది తీసేయాలి. గంటసేపు రికార్డు చేసిన ఇంటర్వ్యూను చేత్తో రాసుకోవడానికి నాలుగు గంటలు పట్టడం మామూలే, కాబట్టి గడువును దానికి తగ్గట్టు వేసుకోండి.

ఎవరూ వెళ్లని సమావేశాలకు వెళ్లండి

నన్నడిగితే కొత్త పత్రికకు పేరు తెచ్చే పని ఇదే. ఫీజులు, హాస్టల్ నిర్వహణ, కొనుగోళ్లు, స్థానిక సంస్థల బడ్జెట్లు, రోడ్ల వెడల్పు లాంటి నిర్ణయాలు మనుషులు బల్లల చుట్టూ కూర్చున్నప్పుడు జరుగుతాయి. వాటిలో కొన్ని సమావేశాలకు ప్రజలు వెళ్లవచ్చు, కాని ఎవరూ వెళ్లరు. షికాగోలో 2015లో ప్రారంభమైన సిటీ బ్యూరో అనే సంస్థ డాక్యుమెంటర్స్ పేరుతో ఒక కార్యక్రమం నడుపుతోంది. సాధారణ పౌరులకు శిక్షణ ఇచ్చి, పారితోషికం ఇచ్చి, ప్రభుత్వ సమావేశాలకు పంపి నోట్సు రాయిస్తుంది. తర్వాత ఇతర నగరాలు కూడా దాన్ని అందుకున్నాయి.

మీరు చేయగలిగింది దీనికన్నా చిన్నది, అంతే విలువైనది. ప్రజలకు ప్రవేశం ఉన్న సమావేశాల తేదీల పట్టిక తయారుచేయండి. ప్రతిదానికీ ఇద్దరు వెళ్లండి. ఒకరు ఎవరు ఏమన్నారో రాయాలి, మరొకరు ఏం నిర్ణయించారో, ఏది వాయిదా వేశారో, ఎంత డబ్బు మంజూరైందో మాత్రమే రాయాలి. మర్నాడు "నిన్నటి సమావేశంలో ఏం తేలింది" అని పది వాక్యాల్లో వేయండి. మొదట్లో చదివేవారు తక్కువే ఉంటారు. మూడో నెలలో ఎవరో ఒక నిర్ణయం గురించి గొడవ పడుతూ మీ పది వాక్యాలను చూపిస్తారు. అప్పటి నుంచి ఆ గదిలో మీ కుర్చీ గుర్తుంటుంది, అక్కడి మాటలు కూడా కొంచెం జాగ్రత్తగా వస్తాయి.

మాట్లాడినవారికి హాని జరగకుండా

మీకు వార్త ఇచ్చిన కాంట్రాక్టు కార్మికురాలి ఉద్యోగం పోతే, మీరు డిగ్రీ తీసుకుని వెళ్లిపోతారు, ఆమె అక్కడే ఉంటుంది. అందుకే అంగీకారం అడిగేటప్పుడు వివరంగా చెప్పండి: ఇది వెబ్‌సైటులో ఉంటుంది, మీ పేరు వెతికితే ఏళ్ల తర్వాత కూడా కనిపిస్తుంది, మీ పై అధికారి చదువుతారు. చెప్పాక ఆమె ఒప్పుకుంటే సరే. పేరు దాచి వేస్తున్నప్పుడు పేరొక్కటే తీసేస్తే చాలదు. "నాలుగో అంతస్తులో రాత్రి షిఫ్టు చేసే ఏకైక మహిళ" అని రాస్తే పేరు రాసినట్టే. ఫోటోలో వెనకాల కనిపించే బోర్డు, రికార్డింగులోని గొంతు, ఫైలులో దాగి ఉండే స్థలం వివరాలు కూడా పట్టిస్తాయి.

సున్నితమైన సంభాషణలకు సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ వాడి, సందేశాలు నిర్ణీత సమయం తర్వాత చెరిగిపోయేలా పెట్టుకోండి. అసలు పేర్ల పట్టిక ఆన్‌లైన్ ఫైళ్లలో ఉంచకండి. ఈ జాగ్రత్త ఎందుకంటే, 1971లో పోలీసులు స్టాన్‌ఫర్డ్ డైలీ కార్యాలయంలోకి వారంటుతో వచ్చి ఒక నిరసనలో తీసిన ఫోటోల కోసం సోదా చేశారు. కేసు 1978లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి పత్రికకు వ్యతిరేకంగా తేలింది. తర్వాత 1980లో అక్కడి చట్టసభ పత్రికల సోదాలను పరిమితం చేస్తూ చట్టం తెచ్చింది. ఒక విద్యార్థి పత్రిక గదిలో జరిగిన సోదా నుంచి దేశానికంతటికీ చట్టం వచ్చింది. మీ దేశంలో అలాంటి రక్షణ ఎంతవరకు ఉందో ముందే కనుక్కోండి.

మీ జట్టువారి భద్రత కూడా మరవద్దు. గొడవ జరుగుతున్న చోటికి ఒంటరిగా ఎవరినీ పంపకండి. బెదిరింపు సందేశాలు వస్తే చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. వేధింపుకు గురైనవారితో మాట్లాడి వచ్చిన విలేకరి ఆ రాత్రి మౌనంగా ఉంటే, మరొకరు పక్కన కూర్చోవాలి, వార్త మర్నాడైనా వస్తుంది.

తప్పు జరిగినప్పుడు

జరుగుతుంది. గుట్టుగా అంకె మార్చేసి ఊరుకోకండి. వార్త పైభాగంలోనే తేదీతో వేయండి:

"సవరణ: లైబ్రరీ సాయంత్రం షిఫ్టులో ముగ్గురు సిబ్బంది తగ్గారని ఈ వార్తలో మొదట రాశాం. తగ్గింది ఇద్దరే. మూడో ఉద్యోగి బదిలీపై వెళ్లగా, ఆ స్థానంలో మరొకరు చేరారు. పొరపాటుకు చింతిస్తున్నాం."

తప్పు ఏమిటో, సరైనది ఏమిటో రెండూ ఉన్నాయి కదా. వార్తను పంచుకున్న వాట్సాప్ గ్రూపుల్లో, పేజీల్లో సవరణను కూడా పంచండి. ఏళ్ల తర్వాత ఎవరైనా వచ్చి "నా పాత వార్త తీసేయండి" అని అడిగితే ఒక్కరే నిర్ణయించకండి. అది తప్పా, హానికరమా, లేక అసౌకర్యం మాత్రమేనా అని జట్టు చర్చించి, కారణం రాసి పెట్టుకోవాలి.

పాఠకుడి చేతికి

అచ్చు వేస్తే పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడేలా చూసుకోండి. కాగితం మడిచినప్పుడు ఒక్కో తావు నాలుగు పేజీలవుతుంది, అయిదో పేజీ కావాలంటే మరో మూడు ఖాళీ పేజీలకు కూడా డబ్బు కట్టాలి. జనం ఎదురుచూస్తూ నిలబడే చోట్ల ప్రతులు ఉంచండి. ఆన్‌లైన్‌లో అయితే సోషల్ మీడియా మీదే ఆధారపడకుండా మొదటి రోజు నుంచే ఈమెయిలు చందాదారుల జాబితా పెంచుకోండి. ఆ జాబితా మీ సొంతం, దాన్ని ఏ కంపెనీ నియమాలు మార్చి లాక్కోలేదు.

వార్తలో ఉన్న మనుషులకు మొదటి ప్రతి మీరే స్వయంగా తీసుకెళ్లి ఇవ్వండి. చదవడం రానివారికి చదివి వినిపించండి. "ఇందులో ఏమైనా తప్పుందా? ఏమైనా వదిలేశామా?" అని అడగండి. తర్వాతి వార్త సగం సార్లు ఆ సంభాషణలోనే దొరుకుతుంది.

తర్వాతి బ్యాచ్

విద్యార్థి పత్రికలు చాలావరకు డబ్బు లేక ఆగిపోవు, నడిపినవాళ్లు పట్టాలు తీసుకుని వెళ్లిపోవడంతో ఆగిపోతాయి. కాబట్టి ప్రతి బాధ్యతకూ ఒక చిన్న క్లాసు విద్యార్థిని జత చేయండి. చివరి సంవత్సరం విద్యార్థులు చివరి సెమిస్టర్‌లో పెన్ను పట్టకుండా దిద్దడానికే పరిమితం కావాలి. సంపాదకత్వాన్ని పరీక్షలకు ముందే అప్పగించండి, కొత్తవారు తడబడినప్పుడు మీరు ఇంకా క్యాంపస్‌లోనే ఉంటారు.

అప్పగింత ఫైలులో ఇవి ఉండాలి: ఖాతాల జాబితా, డొమైన్ గడువు తేదీ, జమాఖర్చుల పుస్తకం, నియమాల కాగితం, అచ్చు వేసేవారి వివరాలు, పెండింగులో ఉన్న సమాచార దరఖాస్తులు, మధ్యలో ఆగిన వార్తలు, ఎవరికి ఏం మాట ఇచ్చారో. పేరు దాచిన మనుషుల వివరాలు మాత్రం వారి అనుమతి లేకుండా కొత్త జట్టుకు ఇవ్వకండి. ఆ మాట మీరు ఇచ్చింది, పత్రిక ఇచ్చింది కాదు. అన్ని సంచికల ప్రతులూ రెండు చోట్ల భద్రపరిచి, ఒకటి కాలేజీ లైబ్రరీకి ఇచ్చి రసీదు తీసుకోండి. కొత్త సంపాదకులు బాధ్యత తీసుకున్న రోజే పాస్‌వర్డులన్నీ మార్పించండి, కొత్తవి మీకు చెప్పవద్దనండి.